కోచ్ తన వేసవి క్యాంప్‌కి రమ్మంటున్నాడు, పంపాలా?

ప్రశ్న: మా బాబుకి పదకొండేళ్లు. నాలుగేళ్లుగా ఐస్ హాకీ ఆడుతున్నాడు. మా వారికీ నాకూ స్కేటింగ్ రాదు. ఆట కూడా వాడి పుణ్యమా అని ఇప్పుడిప్పుడే కాస్త అర్థమవుతోంది. వాడి టీమ్ కోచ్ ప్రతి వేసవిలో సొంతంగా ఒక క్యాంప్ నడుపుతాడు. బ్రోచర్ మీద ఎన్‌హెచ్ఎల్‌లో, అంటే ఉత్తర అమెరికాలోని అతిపెద్ద హాకీ లీగ్‌లో, ఒకప్పుడు ఆడిన ఒకాయన ఫోటో ఉంటుంది. పోయినేడు ఒక వారం పంపాం. డ్రిల్‌లో చివర వచ్చినవాళ్ల చేత అదనంగా రౌండ్లు కొట్టించేవారట. మావాడు నవంబరులో పుట్టాడు, గ్రూపులో చిన్నగా కనిపిస్తాడు, దాదాపు రోజూ వాడే చివర. ఇంటికొచ్చాక ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఈసారి రెండు వారాలు రమ్మంటున్నాడు. "రానివాళ్లకి ట్రైఅవుట్స్‌లో కష్టమే మరి" అని, టీమ్ ఎంపికల గురించి, నవ్వుతూనే అన్నాడు. మా వారేమో "ఆ మాత్రం గట్టిగా లేకపోతే ఆట ఎలా వస్తుంది" అంటారు. పంపాలా, వద్దా? అన్నట్టు, ఈ మధ్య కోచ్ మావాడి ఫోన్‌కే నేరుగా మెసేజ్‌లు పెడుతున్నాడు. అన్నీ ఆట గురించే.
– ఒక అమ్మ, అమెరికా

జవాబు: మీ ఉత్తరానికి ఆఖరి నుంచి జవాబు మొదలుపెడతాను. "అన్నట్టు" అని చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ మెసేజ్‌ల సంగతి, నా లెక్కలో అన్నిటికన్నా ముందు రావాల్సింది.

మీ కోచ్ చెడ్డవాడని నేననడం లేదు. పిల్లాడికే పెట్టేస్తే పని త్వరగా అయిపోతుందని పెట్టి ఉంటాడు. కానీ అమెరికాలో ఐస్ హాకీని నడిపే సంఘం యూఎస్ఏ హాకీలో నమోదైన కోచ్‌లకి ఈ విషయంలో రాసిపెట్టిన నియమం ఉంది. పద్దెనిమిదేళ్లలోపు ఆటగాడికి మెసేజ్ పెడితే అందులో తల్లినో తండ్రినో, లేదా టీమ్‌కి సంబంధించిన మరో పెద్ద మనిషినో కలపాలి. పిల్లాడితో ఒక్కడితోనే మాట్లాడాల్సి వస్తే నలుగురికీ కనిపించే చోట, ఎవరైనా మధ్యలో వచ్చి పలకరించగలిగేలా మాట్లాడాలి. విడిగా శిక్షణ ఇస్తుంటే తల్లిదండ్రులు కూర్చుని చూడటానికి వీలుండాలి. పిల్లలు బట్టలు మార్చుకునే లాకర్ రూమ్ మీద పెద్దల కన్ను ఉండాలి, అక్కడ ఫోన్ కెమెరా వాడకూడదు. ఆటల్లో వేధింపుల్ని అరికట్టడానికి 2017లో సేఫ్‌స్పోర్ట్ అనే జాతీయ కేంద్రం మొదలైంది. 2018లో వచ్చిన చట్టం దానికి అధికారం ఇచ్చింది. ఈ నియమాలకి అలా మరింత బలం వచ్చింది.

వీటి వెనక చేదు చరిత్ర ఉంది. కెనడాలో గ్రాహం జేమ్స్ అనే జూనియర్ హాకీ కోచ్ ఉండేవాడు. 1989లో అతని టీమ్ జూనియర్ హాకీలో పెద్ద టోర్నీ అయిన మెమోరియల్ కప్ గెలిచింది. కుర్రాళ్లని ఎన్‌హెచ్ఎల్ దాకా తీసుకెళ్తాడని పేరు. తన దగ్గర ఆడిన కుర్రాళ్లని ఏళ్ల తరబడి లైంగికంగా వేధించానని 1997లో అతనే కోర్టులో ఒప్పుకున్నాడు. ఆ సంగతి బయటపెట్టిన షెల్డన్ కెనెడీ అప్పటికే ఎన్‌హెచ్ఎల్ ఆటగాడు. మీ కోచ్‌ని ఆ మనిషి పక్కన నిలబెట్టాలని ఇది చెప్పడం లేదు. అంత పేరున్న కోచ్‌ని ఎవరూ ప్రశ్నించలేదు, జరిగింది అందుకే అంతకాలం జరిగింది. నియమం ఉంటే మీరు కోచ్‌ని అనుమానించాల్సిన పనే లేదు, నియమం గుర్తుచేస్తే చాలు. మంచి కోచ్‌కి కూడా అది రక్షణే.

కాబట్టి ఈ రోజే ఒక మెసేజ్ పెట్టండి. "కోచ్, ఇకమీదట బాబుకి పెట్టే మెసేజ్‌లలో నన్ను కూడా కలపండి, లేదా టీమ్ యాప్‌లోనే పెట్టండి. థ్యాంక్స్." అంతే. కారణాలు, క్షమాపణలు ఏవీ అక్కర్లేదు. "అయ్యో, సరే" అని ఆ క్షణం నుంచే మార్చేస్తే ఆ విషయం అక్కడితో వదిలేయండి. ముఖం మాడ్చుకున్నా, "నా మీద నమ్మకం లేదా" అన్నా, మార్చకుండా నాన్చినా, క్యాంప్ మాట ఇక ఎత్తకండి. క్లబ్‌లో సేఫ్‌స్పోర్ట్ బాధ్యత ఎవరిదో కనుక్కుని వాళ్లతో మాట్లాడండి. మీ ప్రాంతపు హాకీ సంఘంలో కూడా ఆ పనికి ఒక కోఆర్డినేటర్ ఉంటారు. బాబు ఫోన్ మాత్రం లాక్కోకండి. "కోచ్ ఏం రాశారో చూపిస్తావా" అని మామూలుగా అడగండి.

ఇక క్యాంప్ సంగతి. చాలామంది తల్లిదండ్రులకి తట్టని విషయం ఒకటుంది. శీతాకాలంలో టీమ్‌ని నడిపే కోచ్, వేసవిలో క్యాంప్ నడిపే కోచ్ మనిషి ఒకడే అయినా, ఆ రెండు చోట్లా నియమాలు ఒకటే అనుకోకూడదు. టీమ్ కోచ్‌గా ఉండాలంటే యూఎస్ఏ హాకీలో నమోదవ్వాలి, నేర చరిత్ర పరిశీలన చేయించుకోవాలి, సేఫ్‌స్పోర్ట్ శిక్షణ తీసుకోవాలి, తను నేర్పే వయసు పిల్లల గురించి ఒక కోర్సు పూర్తి చేయాలి. సొంత క్యాంప్ అంటే అదొక వ్యాపారం. దాన్ని యూఎస్ఏ హాకీ గుర్తింపుతో నడిపితే ఈ నియమాలు అక్కడ కూడా వర్తిస్తాయి. లేకపోతే, చాలా చోట్ల ఐస్ అద్దెకి తీసుకుని ఎవరైనా క్యాంప్ పెట్టుకోవచ్చు, ఎవరినైనా పనిలో పెట్టుకోవచ్చు. మీరు బాబు పేరు నమోదు చేసినప్పుడు వచ్చిన ఇన్సూరెన్స్ కూడా గుర్తింపు ఉన్న కార్యక్రమాలకే. అందుకని మొదట అడగాల్సింది: "ఈ క్యాంప్‌కి యూఎస్ఏ హాకీ గుర్తింపు ఉందా? లేకపోతే ఐస్ మీదికి వచ్చే ప్రతి ఒక్కరి నేర చరిత్ర ఎవరు చూశారు?" సేఫ్‌స్పోర్ట్ కేంద్రం నిషేధం, ఆంక్షలు విధించినవాళ్ల జాబితా ఆన్‌లైన్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. పేర్లు వెతకడం ఐదు నిమిషాల పని. నేనైతే మొహమాటం లేకుండా వెతుకుతాను.

బ్రోచర్ మీది ఫోటో గురించి. నేనూ ఒకసారి అలాంటి ఫోటో చూసి పడిపోయినదాన్నే. మా పెద్దాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆ పెద్దాయన సోమవారం పొద్దున గంటసేపు వచ్చాడు, జెర్సీల మీద సంతకాలు పెట్టాడు, ఫోటోలు దిగాడు, వెళ్లిపోయాడు. మళ్లీ శుక్రవారం సర్టిఫికెట్లు ఇవ్వడానికి దర్శనమిచ్చాడు. మధ్యలో మావాడు నాలుగు రోజులు లైన్లో నిలబడ్డాడు. ఆ తర్వాత ఏడాది బెంచీ దగ్గర గేటు తీసి వేసే అమ్మగా చేరి, ఆపైన మొదటి లెవెల్ కోచింగ్ కోర్సు కూడా చేశాను. అప్పుడుగానీ నాకు ఈ లెక్కలు తెలియలేదు.

గొప్పగా ఆడటం వేరు, నేర్పడం వేరు. వేన్ గ్రెట్జ్‌కీ కన్నా గొప్ప ఆటగాడు హాకీలో లేడంటారు. ఆయన 2005 నుంచి నాలుగు సీజన్లు ఫీనిక్స్ టీమ్‌కి హెడ్ కోచ్‌గా చేస్తే ఒక్కసారి కూడా ఆ టీమ్ ప్లేఆఫ్స్‌కి, అంటే నాకౌట్ దశకి, వెళ్లలేదు. హెడ్ కోచ్‌గా ఎన్‌హెచ్ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్‌ని తొమ్మిదిసార్లు గెలిచిన స్కాటీ బౌమన్ ఆ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. టాంపా బే టీమ్‌తో 2020లో, 2021లో వరసగా కప్ గెలిచిన జాన్ కూపర్ కోచింగ్‌లోకి రాకముందు లాయరు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ లారా స్టామ్‌ది. ఆవిడ ఫిగర్ స్కేటింగ్ నుంచి వచ్చారు. 1970లలో హాకీ ఆటగాళ్లకి పవర్ స్కేటింగ్, అంటే బలంగా, వేగంగా స్కేట్ చేసే పద్ధతి, నేర్పడం మొదలుపెట్టారు. ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లలో న్యూయార్క్ ఐలాండర్స్ ఆటగాడు బాబ్ నిస్ట్రోమ్ ఒకడు. 1980లో ఆ టీమ్‌కి మొట్టమొదటి స్టాన్లీ కప్ తెచ్చిన ఓవర్‌టైమ్ గోల్ అతనిదే. కాబట్టి బ్రోచర్‌లో స్కేటింగ్ నేర్పేది ఎవరు అన్న చోట మాజీ ఫిగర్ స్కేటర్ పేరు కనిపిస్తే పెదవి విరవకండి, సంతోషించండి.

పెద్ద పేరు రాకపోతే ఐస్ మీద రోజంతా ఉండేదెవరు? ఎక్కువగా సెలవులకి వచ్చిన కాలేజీ ఆటగాళ్లు, జూనియర్ లీగ్ కుర్రాళ్లు, ఒక్కోసారి హైస్కూల్ పిల్లలు. అందులో తప్పేం లేదు. పదకొండేళ్లవాడికి ఇరవై ఏళ్ల అన్న చెప్పింది మనం చెప్పినదానికన్నా బాగా ఎక్కుతుంది. ఆ కుర్రాళ్లని చూసుకునే పెద్దవాళ్లెవరు, వాళ్లు రోజంతా ఉంటారా అన్నదే అడగండి. "మా స్టాఫ్ అంతా అనుభవజ్ఞులు" అని తప్పించుకుంటే, "బాబు గ్రూపుకి ఎవరు?" అని మళ్లీ అడగండి.

ఇక్కడ కోచ్‌ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. క్లబ్బుల్లో చాలామంది కోచ్‌లు శీతాకాలమంతా జీతం లేకుండా, చీకటితోనే లేచి రింక్‌కి, అంటే ఐస్ మైదానానికి, వస్తారు. కోచింగే వృత్తిగా ఉన్నవాళ్లకి వేసవి క్యాంపే పంట. ఐస్ గంటకింతని అద్దె. క్యాంప్ ఖర్చులో పెద్ద వాటా దానిదే. ముప్ఫైమంది ఎక్కినా యాభైమంది ఎక్కినా ఆ అద్దె మారదు. కనుక ఇంకో పదిమందిని చేర్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. క్యాంప్ మంచిదా కాదా అన్నది చాలావరకు ఆ చోట తేలిపోతుంది: ఐస్ మీద ఎంతమంది పిల్లలు, ఎంతమంది నేర్పేవాళ్లు.

మీకు స్కేటింగ్ రాదు కాబట్టి మంచీ చెడూ ఎలా పోల్చుకోవడం అని దిగులు పడుతున్నారు. వాచీ చూడటం వస్తే చాలు. ఈ కోచ్ ప్రాక్టీసుకో, వేరే క్యాంప్‌కో వెళ్లి రింక్ చుట్టూ ఉండే అద్దం ఇవతల నిలబడండి. ఎవరో ఒక పిల్లాణ్ణి, కాస్త వెనకబడినవాణ్ణి, ఎంచుకుని పది నిమిషాలు వాడొక్కణ్ణే చూడండి. ఆ పది నిమిషాల్లో వాడు ఎంతసేపు కదిలాడు, ఎంతసేపు లైన్లో నిలబడి స్టిక్‌తో మంచు గీరాడు? పక్, అంటే ఆ చిన్న రబ్బరు బిళ్ల, వాడి దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది? ఎవరైనా వాడి పేరు పెట్టి పిలిచి ఏమైనా చెప్పారా? యూఎస్ఏ హాకీ 2009లో తెచ్చిన శిక్షణ పద్ధతి సారం కూడా ఇదే. రింక్‌ని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో కొద్దిమందిని పెట్టి, చిన్న చోట్లో చిన్న చిన్న ఆటలు ఆడిస్తారు. అప్పుడు ఎవరికీ నిలబడే తీరిక ఉండదు. రింక్ రెండువందల అడుగుల పొడవు. ఈ కొసన ముప్ఫైమందిని లైన్లో పెట్టి ఒక్కొక్కణ్ణి ఆ కొసకి పంపుతుంటే చూడ్డానికి గంభీరంగానే ఉంటుంది. పిల్లాడికి దక్కేది తక్కువ.

ఇంకా గమనించండి. కోచ్ చెప్పేటప్పుడు పిల్లల ఎత్తుకి దిగి, అరనిమిషంలో చెప్పి వదిలేస్తున్నాడా, లేక బోర్డు మీద బాణాలు గీస్తూ ఐదు నిమిషాలు మింగేస్తున్నాడా? చేసి చూపిస్తున్నారా? ఎడ్జ్‌ల మీద, అంటే స్కేట్ బ్లేడు అంచుల మీద ఒరిగి తిరగడం మీద, మోకాళ్లు వంచి కుర్చీలో కూర్చున్నట్టు ఉండటం మీద రోజూ కొంతసేపైనా పెడుతున్నారా? ఎడ్జ్‌లు నేర్చుకునేటప్పుడు పిల్లలు దబదబా పడుతుంటారు. పడినవాణ్ణి చూసి కోచ్ నవ్వి "ఇంకోసారి" అంటే అది మంచి గుర్తు. ఎవరూ పడని క్యాంప్‌లో ఎవరూ కొత్తది ప్రయత్నించడం లేదన్నమాట. గోలీలని, అంటే గోల్ కాసేవాళ్లని, కూడా చూడండి. వాళ్లకంటూ ఒక కోచ్ ఉన్నాడా, లేక మిగతావాళ్లు షాట్లు కొట్టుకోవడానికి బొమ్మల్లా నిలబెట్టారా? మీవాడు గోలీ కాకపోయినా, నిర్వాహకుడి బుద్ధి అక్కడ బయటపడుతుంది.

చివర వచ్చినవాడికి అదనపు రౌండ్లు. శిక్షగా ఇలా అలిసిపోయేదాకా స్కేటింగ్ చేయించడానికి రింకుల్లో పేరు కూడా ఉంది, బ్యాగ్ స్కేట్ అంటారు. మీ వారిలాంటివాళ్లు దీన్ని సమర్థించడానికి తప్పకుండా 1980 అమెరికా ఒలింపిక్ హాకీ టీమ్ కోచ్ హెర్బ్ బ్రూక్స్ కథ చెబుతారు. 1979 సెప్టెంబరులో నార్వేతో మ్యాచ్ మూడు–మూడు డ్రా అయితే, ఆట అయిపోయాక అమెరికా ఆటగాళ్లని ఐస్ దిగనివ్వకుండా పరుగులు పెట్టించాడు. రింక్ లైట్లు ఆర్పేసినా ఆపలేదు. 1980 ఫిబ్రవరిలో అదే టీమ్ సోవియట్ యూనియన్‌ని ఓడించి, తర్వాత ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. కథ నిజమే. అయితే వాళ్లు ఎంపికై వచ్చిన కాలేజీ వయసు ఆటగాళ్లు. టీమ్ మొత్తం పరిగెత్తింది, సరిగ్గా ఆడలేదని పరిగెత్తింది. మీవాడి దగ్గర జరిగింది అది కాదు కదా! నెమ్మదిగా ఉన్నవాడికి నెమ్మదిగా ఉన్నందుకు శిక్ష వేస్తే, వాడు ఇంకా అలిసిపోయి మరుసటి డ్రిల్‌లో మళ్లీ చివరే వస్తాడు. వాడికి కావలసింది ఒక ఎడ్జ్ గురించి ఒక్క మాట. ఆ మాట చెప్పడానికి ఓపిక లేని చోట రౌండ్లు కొట్టిస్తారు.

పైగా మీవాడు నవంబరు పిల్లాడు. హాకీలో వయసు గ్రూపులు పుట్టిన సంవత్సరాన్ని బట్టి చేస్తారు, జనవరి ఒకటితో లెక్క. అదే ఏడాది జనవరిలో పుట్టినవాడు మీవాడికన్నా పది నెలలు పెద్ద. పదకొండేళ్ల వయసులో పది నెలలంటే ఒక షూ సైజు తేడా, ఒక్కోసారి బెత్తెడు ఎత్తు తేడా. కెనడా మేటి జూనియర్ ఆటగాళ్లలో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్లు విపరీతంగా ఎక్కువమంది ఉన్నారని రోజర్ బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1985లోనే ప్రచురించారు. మంచి కోచ్‌కి ఇది తెలుసు. గ్రూపు జాబితాలో పుట్టిన నెల కూడా చూసుకునే కోచ్‌లని నేనెరుగుదును. మీ కోచ్ పోయినేడు వారమంతా ఒక పిల్లాణ్ణి నవంబరులో పుట్టినందుకు పరిగెత్తించాడు.

మీ వారి మాటని మాత్రం పూర్తిగా కొట్టిపారేయను. గట్టిగా ఉండే కోచ్ కావాలి. "మోకాలు వంచలేదు, మళ్లీ చెయ్యి" అని పదిసార్లు చేయించేవాడు దొరకడం అదృష్టం. మా చిన్నదాని కోచ్ గొంతు పార్కింగ్ దాకా వినిపించేది, అది ఆవిడని ఇప్పటికీ తలుచుకుంటుంది. అరుపు పిల్లాడు చేసిన పని మీదా, పిల్లాడి మీదా అన్నది చూడాలి. మీ వారిని కూడా ఒక గంట అద్దం దగ్గర నిలబెట్టండి. మీరిద్దరూ చూసొచ్చాక వాదించుకోవచ్చు.

నవ్వుతూ అన్న ఆ ట్రైఅవుట్స్ మాట నాకు నచ్చలేదు. టీమ్‌ని ఎంపిక చేసే అధికారం చేతిలో పెట్టుకుని, సొంత వ్యాపారానికి ఫీజు కట్టమనడం అది. నోటితో అడిగితే "జోక్ చేశానండీ" అంటాడు. కాబట్టి క్లబ్ బోర్డుకి ఈమెయిల్ రాయండి, కోచ్ పేరెత్తకుండా: "వేసవి క్యాంప్‌లకి హాజరు కావడాన్ని ట్రైఅవుట్స్‌లో పరిగణిస్తారా? ఎంపిక ఎవరు చేస్తారు?" బోర్డులో ఉండేది ఎక్కువగా మనలాంటి తల్లిదండ్రులే. కాగితం మీద "పరిగణిస్తాం" అని రాసే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒక్కరే రాయడానికి టెన్షన్‌గా ఉంటే ఇంకో ఇద్దరు తల్లుల్ని కలుపుకోండి. ఆ మాట విన్నది మీరొక్కరే అయి ఉండరు.

ఇంతకీ పంపాలా? రెండు వారాలు అక్కడికి వద్దు. మెసేజ్‌ల విషయం సర్దుకుని, పైన చెప్పిన ప్రశ్నలకి సూటిగా జవాబులొచ్చి, బాబు తనంతట తను వెళ్తానంటే ఒక వారం గురించి ఆలోచించవచ్చు. నన్నడిగితే ఈ ఏడు వేరే చోట, వాడి వయసువాళ్లు తక్కువమంది ఉండే స్కేటింగ్ క్యాంప్ ఒక్క వారం చూస్తాను. కోచ్‌తో పాత లెక్కలేవీ ఉండవు, చివర వచ్చేవాడన్న ముద్ర ఉండదు. మిగతా వేసవి స్కేట్స్ గరాజ్‌లో పెట్టేయండి. ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలైనా, నెల చొప్పున విడదీసి అయినా సరే, ఆడే ఆటకి విరామం ఇవ్వాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో చెప్పింది. ఈతకో, సాకర్‌కో వెళ్లనివ్వండి. అక్కడ వచ్చిన ఒడుపు ఐస్ మీద కూడా పనికొస్తుంది.

ఒకవేళ చేర్పిస్తే, ఒంటిమీది సామాను విషయంలో "క్యాంపే కదా" అని సడలించకండి. 2023లో ఇంగ్లండ్‌లో మ్యాచ్ జరుగుతుండగా స్కేట్ బ్లేడ్ మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాక, 2024 ఆగస్టు 1 నుంచి యూఎస్ఏ హాకీ పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరికీ నెక్ గార్డ్ తప్పనిసరి చేసింది. క్యాంప్‌వాళ్లు అడగకపోయినా వేసి పంపండి. తలకి దెబ్బ తగిలిన అనుమానం ఉంటే ఆ రోజుకి ఇక ఐస్ ఎక్కనివ్వం అని చెప్పే క్యాంప్‌నే ఎంచుకోండి. బాడీ చెకింగ్, అంటే ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం, కూడా నేర్పుతాం అంటే కంగారు పడకండి. పన్నెండేళ్లలోపు మ్యాచ్‌లలో అది 2011లోనే ఆపేశారు, పై గ్రూపు నుంచే ఉంటుంది. రింక్ చుట్టూ ఉండే గోడల దగ్గర తల పైకెత్తి ఉంచడం, ఎదుటివాడి దారిని తెలివిగా మూసేయడం ఇప్పటి నుంచే నేర్పితే మంచిదే. ఒకరినొకరు గుద్దించడం మీదే గంటలు గడిపితే అది వేరే సంగతి.

బాబుని ఇంకా ఎవరూ అడగలేదని మీ ఉత్తరం చదివితే అనిపించింది. "క్యాంప్‌కి వెళ్తావా" అని అడిగితే మీ ముఖం చూసి జవాబు చెబుతాడు. కారులో వెళ్తున్నప్పుడు, ఎదురెదురుగా కూర్చోనప్పుడు, "పోయినేడు క్యాంప్‌లో మధ్యాహ్నం ఎవరి పక్కన కూర్చునేవాడివి?" అని అడిగి చూడండి. మావాళ్ల దగ్గర నాకు అన్ని సంగతులూ ఆ ప్రశ్నతోనే బయటికొచ్చేవి.

ముందు ఆ మెసేజ్ పెట్టండి. కోచ్ ఏమన్నాడో నాకు రాయండి.